బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?

వార్షికోత్సవం దగ్గర పడగానే ఒక తరగతి గదిని ఖాళీ చేసి, బల్లలను గోడవారకు జరిపి, విద్యార్థినీ విద్యార్థులు వేసిన చిత్రాలను దారాలకు వరుసగా తగిలించి ప్రదర్శించుట మన వంటి విద్యాసంస్థలన్నిటిలోను ఆనవాయితీగా వస్తున్నది. ముఖ్య అతిథి వస్తారు. రిబ్బను కత్తిరిస్తారు. చేతులు వెనుకకు కట్టుకొని పది నిమిషాలపాటు గది చుట్టూ తిరిగి, "చాలా బాగున్నవి, మన పిల్లలలో ఎంత ప్రతిభ దాగి ఉన్నదో!" అని పలికి, తేనీటి విందుకు కదలిపోతారు. చిత్రం వేసిన పిల్ల లేదా పిల్లవాడు ఆ చిత్రం ప్రక్కనే నిలబడి ఉంటారు. వారిని ఎవరూ ఏమీ అడుగరు. "ఇది నీకు ఎక్కడి నుంచి వచ్చింది?" అన్న ప్రశ్న ఆ గదిలో వినిపించదు.

ఆ ప్రశ్నను అడగవలసిన అవసరాన్ని గురించి విద్యార్థి మిత్రులకును, కళాశాల కార్యవర్గ సభ్యులకును నాలుగు మాటలు విన్నవించుకొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం. ఇతరులకు నీతులు చెప్పుటకు ముందు నా పొరపాటును నేను ఒప్పుకొనుట న్యాయం కనుక దానితోనే ప్రారంభిస్తాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక కళాశాలలో జరిగిన చిత్రలేఖన పోటీకి నేను న్యాయనిర్ణేతగా వెళ్ళాను. ఆ కళాశాల పేరు ఇక్కడ అప్రస్తుతం. ముగ్గురం న్యాయనిర్ణేతలం. పెద్ద కాగితం మీద ఒక వర్ణచిత్రం మమ్ములను వెంటనే ఆకర్షించినది. మంచు కప్పిన కొండలు, వాటి పాదాన నీలి సరస్సు, సరస్సులో హంసలు, ఒడ్డున పొగగొట్టం గల చిన్న కొయ్య ఇల్లు. రంగులు చక్కగా కలిసినవి. ప్రథమ బహుమతి దానికే ఇచ్చాము. మరొక మూలలో, చెక్క చట్రం లేక, రంగు లేక, పల్చని కాగితం మీద పెన్సిలుతో గీసిన ఒక తీగ ఉన్నది. గీత పొడవునా సూదితో గ్రుచ్చిన సన్నని రంధ్రాలు. తీగకు ఇరుప్రక్కల ఆకులు; ఆకులు పైకి పోయిన కొద్దీ కొంచెం కొంచెంగా విమానాలుగా మారుచున్నవి. "ఇది కుట్టుపనికి సంబంధించినది, చిత్రలేఖనం క్రిందికి రాదు" అని మాలో ఒకరు అన్నారు. తక్కిన ఇద్దరం తల ఊపాము. ఆ ఇద్దరిలో నేను ఒకడిని.

బహుమతి ప్రదానం అయిన తర్వాత ప్రథమ బహుమతి పొందిన అబ్బాయిని ప్రేమగా దగ్గరకు పిలిచి "ఈ కొండలు ఎక్కడివి, నాయనా?" అని అడిగాను. "ఫోన్‌లో చూసి వేసిన, సార్" అన్నాడు. అబద్ధం చెప్పలేదు కనుక ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. తర్వాత ఆ తీగ వేసిన అమ్మాయిని అడిగాను. ఆమె తడబడుతూ చెప్పినది నాకు నేటికీ గుర్తున్నది: "మా అమ్మీ కార్చోబ్ పని చేస్తది, సార్. ఖాకా నేనే గీస్తా. ఎండాకాలం డాబా మీద పండుకొని చూస్తే విమానం కింది నుంచి ఆకులెక్క కనిపిస్తది."

కార్చోబ్ అనగా నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగించి, జరీతో, మెరుపు పూసలతో చేయు కుట్టుపని. హైదరాబాదు పాతబస్తీలోను, దాని చుట్టుప్రక్కల బస్తీలలోను ఎందరో స్త్రీలు ఇంటిపట్టున ఈ పని చేసి సంసారాలు నడుపుకొనుచున్నారు. కుట్టవలసిన నమూనాను ముందుగా పల్చని కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో రంధ్రాలు చేసి, గుడ్డపై పరచి పొడిని అద్దుతారు. చుక్కచుక్కగా నమూనా గుడ్డ మీదికి దిగుతుంది. ఆ కాగితమే ఖాకా. ఉర్దూ చదివిన మిత్రులకు వేరొక విశేషం చెప్పనక్కరలేదు: ఒక మనిషి వ్యక్తిత్వాన్ని నాలుగు గీతలలో చూపే వచన రచనకు కూడా ఉర్దూ సాహిత్యంలో ఖాకా అనియే పేరు. సాహిత్యంలో గౌరవం పొందిన ఆ మాట, ఒక తల్లి చట్రం దగ్గర నుంచి చిత్రకళా ప్రదర్శనకు వచ్చేసరికి మా ముగ్గురికి కుట్టుపని అయినది. ఆ అమ్మాయి బాలాపూర్, షంషాబాద్ ప్రాంతపు ఆకాశాన్ని చూచి బొమ్మ వేసినది. మేము ఎన్నడూ చూడని మంచుకొండలకు బహుమతి ఇచ్చి వచ్చాము.

స్ఫూర్తి అన్న మాటను మనం చాలా ఎత్తున ఉంచి మాట్లాడుతాము. అది ఆకాశం నుంచి మెరుపు వలె పడుతుందనియు, అదృష్టవంతుల మీదనే పడుతుందనియు ఒక భావం మనలో ఉన్నది. దీనివల్ల సామాన్య విద్యార్థి "నాకు ప్రతిభ లేదు" అని కుంచె పక్కన పెట్టుచున్నాడు. నా అభిప్రాయం వేరు. కన్ను ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుందో, చెయ్యి ఎవరి దగ్గర పని నేర్చుకొంటుందో అక్కడి నుంచియే బొమ్మ వస్తుంది. కావున ప్రతి చిత్రం వెనుక ఒక స్థలానికో, ఒక మనిషికో, ఒక గురువుకో తీరని ఋణం ఉంటుంది. ఆ ఋణాన్ని గుర్తించి పేరు పెట్టి చెప్పుట విద్యార్థికి మనం నేర్పవలసిన మొదటి పాఠం. తెలుగునాట చిత్రకళ చరిత్రను పరిశీలించినను ఈ విషయమే రుజువగుచున్నది.

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన చిత్రలేఖన ఉపాధ్యాయుడు కాడు. అయినను విద్యార్థుల చేతిలోని బొమ్మలను ఆగి చూచు అలవాటు ఆయనకు ఉండేది. అట్లు ఆయన కంటపడిన బాలుడే 1897లో జన్మించిన దామెర్ల రామారావు. కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి శిక్షణ పొందినాడు. బొంబాయిలోనే స్థిరపడవచ్చును. కాని తిరిగి రాజమహేంద్రవరం చేరి, అక్కడే ఒక చిత్రకళాశాలను నెలకొల్పి, గోదావరి తీర జీవితాన్ని, తెలుగు స్త్రీమూర్తులను చిత్రించినాడు. 1925లో మశూచి సోకి ఇరువది ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసినాడు. ఆయన పేరిట నెలకొన్న చిత్రశాల నేటికీ ఆ నగరంలో ఉన్నది.

అదే ప్రిన్సిపాలు ప్రోత్సాహం పొందిన మరొక విద్యార్థి అడివి బాపిరాజు. నవలాకారుడుగా మనకు ఎక్కువగా తెలిసిన బాపిరాజు చిత్రకారుడు కూడ. 1940లలో ఆయన హైదరాబాదు నుంచి వెలువడిన 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకులుగా పనిచేసినారు. 'మీజాన్' ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషలు మూడింటిలోను వెలువడినది. ఉర్దూ పుటలును, తెలుగు పుటలును ఒకే అట్టలో కుట్టబడిన మన వార్షిక సంచికకు ఆ పత్రికతో దగ్గరి చుట్టరికం ఉన్నదని చెప్పుకొనుటలో తప్పు లేదు. ఒక కళాశాల ప్రిన్సిపాలు తన విద్యార్థి వేసిన బొమ్మ ముందు కొంతసేపు నిలబడుట వలన ఎంత దూరం ప్రయోజనం కలిగినదో కార్యవర్గ సభ్యులు గమనింపగోరుతాను.

ఇక హైదరాబాదు సంగతి చూద్దాము. అజంతా గుహలు ఆనాడు నిజాం రాజ్యంలోనివి. 1909 నుంచి 1911 వరకు శీతకాలాలలో లేడీ హెరింగ్‌హామ్ అను ఆంగ్ల చిత్రకారిణి ఆ గుహలలోని కుడ్యచిత్రాలకు ప్రతికృతులు తయారు చేయించినది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ మొదలైన యువ చిత్రకారులు వెళ్ళినారు. హైదరాబాదు రాజ్యం నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజ్లుద్దీన్ అను ఇరువురు వెళ్ళినారు. గుహల చీకటిలో, మసక వెలుతురులో నిలబడి, పూర్వులు గీసిన ప్రతి వంపును తమ చేతితో మరల గీసినారు. ముస్లిం కుటుంబాలలో పుట్టిన ఇరువురు హైదరాబాదీలు బౌద్ధ జాతక కథల చిత్రాలను అంత శ్రద్ధతో అనుసరించుట మన దక్కను సంస్కృతికి సహజమైన విషయమే. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత అజంతా గుహల సంరక్షణ బాధ్యతలో తన జీవితంలో అధికభాగం గడిపినారు.

ఆ గుహలలో నిలిచిన యువకులలో ఒకరైన నందలాల్ బోస్ తర్వాతి కాలంలో శాంతినికేతనంలో గురువైనారు. వరంగల్ ప్రాంతపు పల్లెలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు, హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఆదరణతో శాంతినికేతనం వెళ్ళి నందలాల్ బోస్ వద్ద శిష్యరికం చేసినారు. నందలాల్ శిష్యులలోనే మరొకరు కె.జి. సుబ్రమణ్యన్. ఆయన బరోడా విశ్వవిద్యాలయంలో బోధించునపుడు మన హైదరాబాదు కళాశాలలో చదివి వెళ్ళిన కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఆయన విద్యార్థులైనారు. ఈ గొలుసును ఒకసారి మనస్సులో నిలుపుకొనండి. అజంతా గోడ మీద ఆనాడు పేరు చెప్పకుండా గీసిన చిత్రకారుని నుంచి మెదక్ జిల్లా నిజాంపూర్ కుర్రవాని వరకు అది చేరినది. నడుమ ఒక్క కొక్కెం ఊడినను తక్కినది మన దాకా వచ్చెడిది కాదు.

అంత దూరం వెళ్ళి చదివిన వీరు చివరకు ఏమి చిత్రించినారు? లక్ష్మాగౌడ్ తిరిగి తన పల్లె వైపే చూచినారు. అక్కడి మేకలు, చెట్లు, మొరటు మనుషులే ఆయన గీతలకు వస్తువులు. వైకుంఠం చిత్రాలలో కనిపించు పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ స్త్రీలకు మూలం ఆయన కన్నతల్లియు, ఊరి ఆడవారును, పల్లె నాటకాలలో స్త్రీ వేషం కట్టిన పురుషులును. సిద్దిపేటలో ఉపాధ్యాయులుగా పనిచేసిన కాపు రాజయ్యగారు బతుకమ్మను, బోనాలను, నకాషీ పనివారి రంగులను తమ చిత్రాలలోనికి తెచ్చుకొన్నారు. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ ఒకనాడు తుప్పుపట్టిన మోటారు వాహనాల గుట్టలను చూచి వరుసగా చిత్రాలు వేసినారు. పాత ఇనుము దుకాణంలో అందం ఏమున్నదని మనం అనుకొంటాము. ఆయన కన్ను అక్కడ నిలిచినది.

విద్యార్థి మిత్రులారా! ఇప్పుడు మన బాలాపూర్ పరిసరాలను ఒక్కసారి కలయజూడండి. చిత్రకారునికి కావలసినది ఇక్కడ ఏమి తక్కువైనది?

మన చుట్టూ ఉన్న నల్లని, ఎర్రని బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గలవి. ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చినట్లు నిలిచిన ఆ గుండ్లలో అనేకం మన కళ్ళ ముందే కంకరగా మారి లారీలలో వెళ్ళిపోయినవి. మిగిలిన వాటిని పెన్సిలుతోనైనా నిలుపుకొనువారు కావలెను. పహాడీ షరీఫ్ కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గాకు మెట్లు ఎక్కి వచ్చు జనం, ఆ మెట్ల పైనుంచి కనిపించు నగరం, జల్‌పల్లి చెరువు మీద సాయంకాలపు వెలుగు ఉన్నవి. 1994లో 450 రూపాయలతో ఆరంభమై నేడు లక్షలకు చేరిన బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం, నిమజ్జనం నాడు ఇక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ వైపు సాగు ఊరేగింపు ఉన్నవి. 2008 మార్చిలో షంషాబాద్ విమానాశ్రయం తెరచిన నాటి నుంచి మన తలలపై రాత్రింబవళ్ళు సాగు విమానాలు ఉన్నవి. ఒకనాడు పొలాలుగా ఉన్న నేలపై ప్లాట్ల హద్దురాళ్ళు, ఆ రాళ్ళ నడుమ ఇంకను మేయుచున్న గొర్రెలు ఉన్నవి. మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చి బాలాపూర్ గుడిసెలలో తలదాచుకొనుచున్న రోహింగ్యా కుటుంబాలు ఉన్నవి. ఆ పిల్లల చేతికి ఒక పలక ఇచ్చి "మీ ఇల్లు గీయండి" అంటే వారు ఏ ఇంటిని గీయుదురో ఒక్కసారి ఆలోచించండి. ఇంత ఉండగా మన గోడల మీద మంచుకొండలే ఎందుకు వ్రేలాడవలెను?

మనకు గల మరొక భాగ్యమును కూడ ఇక్కడ చెప్పవలెను. మన విద్యార్థులు రెండు లిపుల మధ్య పెరుగుచున్నారు. ఉర్దూ ఖుష్‌నవీస్ కలమును ఏటవాలుగా అదిమితే కాగితంపై ఒక చుక్క ఏర్పడుతుంది. అది నుక్తా. అక్షరాల కొలతలన్నీ ఆ నుక్తాతోనే. నస్తాలీక్ పద్ధతిలో అలిఫ్ ఎత్తు మూడు నుక్తాలు. కలం మారితే నుక్తా మారుతుంది, నుక్తా మారితే అక్షరం అంతటి కొలత మారుతుంది. ఇక తెలుగు ఇంటి వాకిట తెల్లవారుజామున ముగ్గు వేయు గృహిణి కూడ చుక్కలతోనే ఆరంభిస్తుంది. చుక్కల వరుస తప్పితే ముగ్గు కుదరదు. కార్చోబ్ ఖాకాలోని సూది రంధ్రాలు కూడ చుక్కలే. మూడు చోట్ల ముగ్గురు స్త్రీపురుషులు ఒకరినొకరు ఎరుగకుండా ఒకే చుక్కతో లెక్క నడుపుచున్నారు. ఈ రహస్యం మన కళాశాల పిల్లలకు తెలిసినంత సులభంగా మరెవరికి తెలియగలదు?

అయితే ఆ చేతిపనులు మన కళ్ళముందే సన్నగిల్లుచున్నవని మరువరాదు. ఒకప్పుడు హైదరాబాదు ఉర్దూ పత్రికలను కాతిబులు పసుపుపచ్చ కాగితంపై వరుస వరుసగా చేతితో వ్రాసేవారు. 1990ల నుంచి కంప్యూటరు అక్షరాలు రాగా ఆ పని కనుమరుగైనది. ఆనాటి కాతిబుల మనుమలు, మనుమరాండ్రు నేడు కళాశాలలలో చదువుచున్నారు. తాత చేతిలోని కలం పట్టు వారికి అందవలెనంటే, అది కూడ చిత్రకళయే అని చెప్పి గౌరవించు చోటు ఒకటి ఉండవలెను. మనం ఆ చోటు ఇవ్వకపోతే మరెవరు ఇస్తారు?

ఇక్కడ కొన్ని ఆక్షేపణలు వినిపించవచ్చును. వాటికి సమాధానం చెప్పుట నా విధి.

"అనుకరణ లేనిదే విద్య ఎట్లు వస్తుంది? మీరు మెచ్చుకొన్న సయ్యద్ అహ్మద్ కూడ ప్రతికృతులే కదా గీసినది?" అని అడుగవచ్చును. నిజమే. అనుకరణను నేను నిందించుట లేదు. ఆయన నెలల తరబడి గోడ ముందు నిలబడినాడు. క్రింద "ఇది అజంతాది" అని వ్రాసినాడు. ఆ శ్రమ చేతికి పాఠమైనది, ఆ మాట మూలానికి గౌరవమైనది. ఫోన్‌లోని మంచుకొండను పది నిమిషాలు చూచి, ఎవరిదో తెలియకుండా, తెలుసుకొనవలెనని కూడ అనుకొనకుండా తన పేరుతో గోడకు తగిలించుటలో ఈ రెండును లేవు. కొండపల్లి బొమ్మనో, చేర్యాల నకాషీ పటమునో, సాలార్‌జంగ్ మ్యూజియంలోని దక్కనీ చిత్రమునో ఎదుట పెట్టుకొని శ్రద్ధగా గీచి, క్రింద దాని పేరు వ్రాసిన విద్యార్థికి నేను సంతోషంగా బహుమతి ఇస్తాను.

2022 తర్వాత ఈ సమస్య మరింత చిక్కుపడినది. నాలుగు మాటలు టైపు చేస్తే చాలు, కృత్రిమ మేధ కొన్ని క్షణాలలో రంగురంగుల బొమ్మను తయారు చేసి చేతికి ఇస్తున్నది. దానిని చూచి కాగితం మీదికి దించుట మరింత సులభం. ఎన్నో లక్షల మంది గీసిన చిత్రాలను మింగి ఆ యంత్రం ఈ బొమ్మను ఇచ్చినది. ఆ లక్షల మందిలో ఒక్కరి పేరైనను అది చెప్పదు. యంత్రాన్ని నిషేధించవలెనని నేను అనుట లేదు. నిషేధాలు పరీక్ష గదిలోనే సరిగా పనిచేయుట లేదు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని విద్యార్థిని ఎదుట నిలబెట్టి అడిగితే చాలును. డాబా మీద పడుకొని విమానాన్ని చూచిన పిల్ల దగ్గర దానికి జవాబు ఉంటుంది. టైపు చేసిన వాడు నేల చూపులు చూస్తాడు. మరుసటి సంవత్సరం వాడు కూడ డాబా ఎక్కవచ్చును.

మూడవది సున్నితమైన విషయం. మన విద్యార్థులలో కొందరి ఇండ్లలో ప్రాణుల బొమ్మలు గీయుటకు పెద్దలు ఇష్టపడరు. మరికొందరి ఇండ్లలో అటువంటి అభ్యంతరం లేదు. ఎవరి విశ్వాసం పైననైనను తీర్పు చెప్పుటకు నాకు అర్హత లేదు. ఆ అవసరమూ లేదు. హైదరాబాదు చరిత్రను చూస్తే రెండు మార్గాలును ఇక్కడ పూర్ణంగా వికసించినవి. గోల్కొండ సుల్తానుల కాలంలో మనుషులు, ఏనుగులు, తోటలు గల సూక్ష్మచిత్రాలు తయారైనవి. ఆ కాలంలోనే ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానా గోడలపై, 1611 నాటి రంగుపలకలలో, ఒక్క ప్రాణి రూపం లేకుండా ఆలములు, లతలు, అక్షరాలు మాత్రమే వెలిగినవి. 1908 మూసీ వరదలో గోడల క్రింది భాగం దెబ్బతిన్నను మిగిలిన పలకల నీలం, పసుపు రంగులు చూపరులను నేటికీ ఆపుచున్నవి. కావున మన పోటీల నిబంధనలలో "మనిషి బొమ్మ వేసినవారికే బహుమతి" అన్న పరిస్థితి రాకూడదు. మనిషి బొమ్మ వేసినవారిని వెనుకకు నెట్టు పరిస్థితి కూడ రాకూడదు. ఏ దారిన పోవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనవలెను.

"ఇవన్నీ తీరిక గలవారి మాటలు, మా పిల్లలకు కావలసినది ఉద్యోగం" అని తల్లిదండ్రులు అనవచ్చును. వారి ఆందోళన నేను ఎరుగుదును. కాని చిత్రకళలో పట్టాలిచ్చు సంస్థలు మన నగరంలోనే ఉన్న సంగతి చాలమందికి తెలియదు. 1940లలో వెలసిన ప్రభుత్వ లలితకళల కళాశాల 1972లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమై, 2008 నుంచి మాసబ్‌ట్యాంక్ వద్ద వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంగా నడుచుచున్నది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళావిభాగంలో ఉన్నత విద్యకు అవకాశం ఉన్నది. మన ప్రాంతం నుంచి సిటీ బస్సులో వెళ్ళి రాగల దూరంలో ఇవి ఉండగా, ఒక పిల్ల తన ఖాకా కాగితాలను దాచుకొని, అది చదువు కాదనుకొని, వేరొక పట్టాకు చేరుట ఎవరి తప్పు? చిత్రకళ చదువని వానికి కూడ, దేనినైనను నిలిచి చూచు అలవాటు ఏ వృత్తిలోనైనను ఉపయోగపడుతుంది.

కార్యవర్గ సభ్యులకు నా విన్నపాలు కొద్దివి. వీటికి పెద్దగా ధనం అవసరం లేదు. మొదటిది, ప్రదర్శనలోని ప్రతి చిత్రం క్రింద విద్యార్థి తన చేతివ్రాతతో, ఉర్దూలోగాని తెలుగులోగాని, ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చినదో నాలుగు పంక్తులు వ్రాయవలెను. న్యాయనిర్ణేతలు ఆ పంక్తులను చదివిన తర్వాతనే మార్కులు వేయవలెను. రెండవది, ఖుష్‌నవీసీ, ఖాకా, ముగ్గు, మెహందీ నమూనాలను చిత్రకళగానే పరిగణించి, వర్ణచిత్రాలతో సమానమైన బహుమతులు ఇవ్వవలెను. మూడవది, సంవత్సరానికి ఒక్కసారి విద్యార్థులను సాలార్‌జంగ్ మ్యూజియానికి, బాద్‌షాహీ ఆశూర్‌ఖానాకు, అజంతా ప్రతికృతులున్న పబ్లిక్ గార్డెన్స్ ప్రదర్శనశాలకు తీసుకొనిపోవలెను; అక్కడ ప్రతి విద్యార్థి ఏదో ఒకదాని ముందు అరగంటసేపు కూర్చుని గీయవలెను. నాలుగవది, ప్రదర్శన ముగియగానే చిత్రాలను కట్టగట్టి అటక మీదికి ఎక్కించుట మానుకొని, ప్రతి సంవత్సరం కొన్నింటిని ఎంపిక చేసి, వేసినవారి నాలుగు పంక్తులతో సహా ఈ సంచికలోనే ముద్రించవలెను. ఇరువది సంవత్సరాల తర్వాత బాలాపూర్ ఎట్లుండెడిదో తెలుసుకొనదలచినవారికి ఆ పుటలే చరిత్ర అవుతవి.

విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది ఇంకను స్వల్పం. ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కొనండి. రోజుకు ఒక వస్తువును, అది మీ ఇంటి గడపయైనను, బస్సు కిటికీలో కనిపించు బండయైనను, నానమ్మ చేతులైనను, పది నిమిషాలు చూచి గీయండి. బాగా రాకపోయినను క్రింద తేదీయు, స్థలము పేరును వ్రాయండి. మీకు నేర్పినవారి పేరు అడిగితే సిగ్గుపడక చెప్పండి, అది అమ్మ పేరైనను సరే.

ఆ అమ్మాయి వేసిన తీగను ఆనాడు నేను తిరిగి అడిగి తీసుకొనలేదు. అడిగి ఉంటే ఇచ్చెడిదేమో. ఆ కాగితం ఏ చట్రం మీదికి ఎక్కినదో, ఏ పెండ్లి చీర అంచున జరీ విమానాలై ఎగురుచున్నదో నాకు తెలియదు. వచ్చే వార్షికోత్సవానికి మన ప్రదర్శన గదిలో అటువంటి కాగితం ఒకటి కనిపిస్తే, దాని ముందు ఆగి ఆ పిల్లను మాట్లాడించండని మాత్రం కార్యవర్గాన్ని ప్రార్థిస్తున్నాను.